కొత్తల్లుడి మీద బాబాయి కత్తి

మా ఆఫీసులో అందరూ బాబాయ్ అని పిలిచే సీనియర్ ప్రోగ్రామరుకి ఒకటే జబ్బు. కంప్యూటర్‌ని తిట్టనిదే ఆయన గొంతులో టీ దిగదు. మామూలు కంప్యూటర్‌ని కాదు; ఏం కావాలో చెబితే చాలు, క్షణంలో ప్రోగ్రాం రాసిచ్చే ఏఐని. ఒక్క వరుస కోడ్ రాయడం రాని మా మేనేజరు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగడం చూసి, బాబాయి దానికి "కొత్తల్లుడు" అని పేరు పెట్టాడు.

ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం రాయమంటే అల్లుడుగారు ఒకావిణ్ణి ఫిబ్రవరి ముప్పైన రమ్మన్నారు. బాబాయి తెర మీదకి వంగి గొంతు చించుకున్నాడు.

"ఒరే అప్రాచ్యుడా! ఆ రోజు డాక్టరొస్తాడా, నువ్వొస్తావా?"

"మీరు చెప్పింది అక్షరాలా నిజం. క్షమించండి" అని జవాబొచ్చింది.

"చూశావా, సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు!" అన్నాడు నాతో. నిజం చెప్పొద్దూ, ఆయన మాట అంత వెంటనే ఒప్పుకున్నది ఆఫీసు మొత్తానికి అదొక్కటే.

ఆ తర్వాత జబ్బు ముదిరింది. అల్లుడు రాసిన ప్రతి ముక్కనీ టెస్టింగ్ చేసి తప్పులు పట్టే ఆవిడకి, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడకి, తోసేవాడు. "ఏ పుట్టలో ఏ పాముందో! ఓసారి చూడమ్మా." బటన్ రంగు మార్చినా సరే, చూడమ్మా. పాపం అక్కకి ఊపిరాడేది కాదు.

"ఈయన చాదస్తం పాడుగాను! నా ప్రాణానికి దాపురించాడు" అని నా దగ్గర తల బాదుకునేది. నాకూ ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది.

ఇంతలో మేనేజరు మీటింగ్ పెట్టాడు. "టెస్టింగ్ కూడా ఇక ఏఐయే చేసుకుంటుంది. దానికి వేరే మనిషి దేనికి?"

అక్క మొహం పాలిపోయింది. వాళ్లింట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

బాబాయి లేచాడు. "అల్లుడు వండింది అల్లుడే రుచి చూసి ఆహా అంటాడా? బాగుంది సంబడం! ఆవిణ్ణి తీసేస్తే నా 'చూడమ్మా'లన్నీ మీకే పంపుతాను. రోజూ."

మేనేజరు అక్క ముందున్న ల్యాప్‌టాప్‌లో పేరుకున్న పని వైపు చూశాడు. మళ్లీ ఆ ఊసెత్తితే ఒట్టు.

బయటికొచ్చాక అడిగాను. "ఆ కోడంతా నిజంగా చెత్తేనా, బాబాయ్?"

"కొంత చెత్తే. మిగతాదంతా శుభ్రంగా ఉంది."

"మరి అక్కకెందుకు పంపావు?"

"ఆవిణ్ణి తీసేస్తారని ఎప్పుడో నా చెవిన పడింది. చేతినిండా పనున్న మనిషిని ఎవడు తీస్తాడ్రా?" చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కతో అనకు. హాయిగా తిట్టుకోనీ. కానీ ఒరే, బాగున్నదాన్ని తిట్టడమంత కష్టం ఇంకోటి లేదురా!"