నలభై ఆరు పళ్ల చక్రం

కొడకండ్లలో నా బైకు బాగుచేసే మెకానిక్ అన్న మొన్న మంగళవారం బయ్యారం దగ్గర తన సొంతూళ్లో చనిపోయాడు. తండాలో నీళ్ల డబ్బాలు దించుతుంటే ఆయన భార్య, నాకు వదిన, ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు. రెండు గంటలకు పాడె లేపుతరట. జల్ది రా" అంది.

మూడేళ్ల కిందట, అమ్ముకునే నీళ్ల డబ్బాలు ఆరు కడితే నా బండి తండా ముందున్న ఎత్తు ఎక్కేది కాదు. దిగి తోసేవాణ్ని. ఇంజన్ పోయిందనుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్పానర్ ముట్టలేదు. నిండు డబ్బాలు కట్టించి, తనే ఆ ఎత్తు దాకా నడిపి చూశాడు. బరువు మోసే బండిని ఖాళీగా నడిపితే ఏం తెలుస్తుందనేవాడు. తిరిగొచ్చి, "ఇంజన్ మంచిగనే ఉంది తమ్మి. నీకు గుంజుడు కావాల్నా, ఉరుకుడు కావాల్నా? రెండూ అంటే దొరకయ్" అన్నాడు.

"గుంజుడే అన్నా" అన్నాను, ఏమీ ఆలోచించకుండా.

వెనక చైన్ తిరిగే నలభై రెండు పళ్ల చక్రం, స్ప్రాకెట్‌ను తీసి నలభై ఆరుది వేశాడు. పళ్లు నా చేతే లెక్కపెట్టించాడు. చైన్‌కు రెండు లింకులు కలిపాడు. వెనక టైరు ఒక్కసారి తిరగడానికి ఇంజన్ ఇక ఎక్కువసార్లు తిరుగుతుందని, అందుకే లాగే బలం పెరిగి వేగం తగ్గుతుందని విడమరిచి చెప్పాడు. మరునాడు బండి నిలబడ్డ చోటు నుంచి చెంగున కదిలి ఎత్తెక్కింది. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నానికి లోటు లేదు. అది ఆయన చలవే. "యాభై దాటియ్యకు, ఇంజన్ ఒర్లుతది" అని మాత్రం కనిపించినప్పుడల్లా గొణిగేవాడు. దాటిస్తే ఆ చప్పుడు విని దుకాణంలోంచే తిట్టేవాడు.

మంగళవారం బయ్యారం దారిలో దాటించాను. అరవై దగ్గర ఇంజన్ గగ్గోలు పెట్టింది. దారిలో ఆగిపోతే అసలుకే మోసమని మళ్లీ యాభైకి తగ్గాను. స్కూటీల వాళ్లు కూడా నన్ను దాటిపోతుంటే ఏడుపొచ్చింది. ఆయన ముఖం ఒక్కసారి చూస్తే చాలనుకున్నాను.

నేను చేరేసరికి పాడె వెళ్లిపోయింది. వదిన గడప దగ్గర కూర్చుని ఉంది.

"నీ బండి ఎంత ఉరుకుతదో నాకెరుకే, మీ అన్న చెప్తుండె. అందుకే ముప్పావుగంట ఆపిన. అందరూ కోపానికొచ్చిన్రు. ఇగ ఆగలే" అంది.

ఆయనకు స్నానం చేయించిన చోట ఎర్రమట్టిలో నీళ్లు ఇంకా ఇంకలేదు.