కడిగిన పొలాలు

నిన్న మా పాప వేసిన బొమ్మ మీద నీళ్ళు ఒలికాయి. ఆ తడి కాగితం వాసనకు, నేను బాపూ అని పిలిచే మా నాన్న గుర్తొచ్చాడు.

బాపు నీటిరంగులతో జహీరాబాద్ చుట్టుపక్కల పొలాలను చిత్రించేవాడు. ఎర్రమట్టి దుక్కులు, చెరకు తోటలు, కోహీర్ దారిలో కమ్ముకొచ్చే వానమబ్బులు. ఒకసారి బొమ్మలన్నీ మూటగట్టుకుని హైదరాబాద్‌లో చూపించడానికి వెళ్ళాడు. అక్కడ ఎవరూ సరిగా చూడను కూడా లేదట. అన్నింటితోనూ తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే వాటిని టబ్బులో నానబెట్టి స్పాంజితో రుద్దసాగాడు. అమ్మ బట్టలు ఉతికినట్టే బాపు బొమ్మలు ఉతుకుతున్నాడనుకుని నేనూ సంబరంగా పక్కన చేరాను.

"కడిగితే కొత్తగైతయా బాపూ?"

"తెల్లగైతయ్ బిడ్డా."

చెరకు తోట నా వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చగా జారిపోయింది. నీళ్ళు బురదలా మారాయి. అమ్మ పరుగున వచ్చింది.

"గిదేం పనయ్యా? ఇన్నేండ్ల కష్టం గిట్ల నీళ్ళల్ల కలుపుతవా?"

"ఎవ్వరికి గావాలె? కాగితం మంచిది. పిల్ల రాసుకుంటది" అన్నాడు బాపు తలెత్తకుండా.

ఆ తర్వాత ఆయన కుంచె పట్టలేదు. ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మేం బస్సులో ఎక్కడికి వెళ్ళినా కిటికీ పక్క సీటు నాకిచ్చి, తను కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. నా మీద ప్రేమతో సీటిచ్చాడని, పని అలసటతో కళ్ళు మూసుకున్నాడని అనుకునేదాన్ని. బయటి పొలాలను ఆయన చూడలేకపోయేవాడని, ఆయన పోయాక గానీ నాకు తట్టలేదు.