అచ్చు తప్పిన అర్ధరూపాయి

ఈ మాట ఏళ్లుగా నాలోనే ఉండిపోయింది. అన్నం తినేటప్పుడూ ఉంది, నలుగురిలో నవ్వేటప్పుడూ ఉంది. మీరు నన్నెరుగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మాది సిరిసిల్ల వైపు. సూరత్‌లో, కతార్‌గామ్‌లోని ఒక కార్ఖానాలో వజ్రాల్లో లోపాలు చూసే పని నాది. పాత నాణేలంటే పిచ్చి. టంకశాలలోనే అచ్చు తప్పిన నాణెం ఒక్కటైనా దొరకాలని ఎంతో వెతికాను. దొరికినవన్నీ ఎవరో సుత్తితో కొట్టినవో, రైలు పట్టాల మీద పెట్టినవో.

మొదటి లాక్‌డౌన్‌లో మరమగ్గాలు ఆగిపోయాయి. పక్కగదిలో ఉండే మగ్గాల కార్మికుడు మల్లేశం, ఊరికి బస్సు దొరికేదాకా ఏమీ తోచక, ఒక పొద్దున నా దగ్గరికి వచ్చాడు. చేతిలో అర్ధరూపాయి. ఒకవైపు సింహాల బొమ్మ మామూలుగానే ఉంది. రెండోవైపు, అంకె ఉండాల్సిన చోట, అవే సింహాలు అద్దంలోలా తిరగబడి, లోపలికి గుంటపడి ఉన్నాయి.

"మా నాయినకు అంగట్ల చిల్లరల వచ్చిందట. సర్కారోళ్ల కాడనే గిట్ల తయారైందంటడు. ఊరోళ్లేమో గప్పాలు కొడుతున్నవని నవ్వుతరు. జర చూసి చెప్పన్నా."

భూతద్దం పెట్టి చూశాను. రెండు నాణేలను కలిపి గట్టిగా నొక్కినా ఇలాంటి గుంటే పడుతుంది. కానీ అప్పుడు వెనకవైపు బొమ్మ చదునవుతుంది, అంచు వంగుతుంది, గుంట కింద పాత అంకె జాడ మిగులుతుంది. ఇక్కడ అవేవీ లేవు. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి, దాని ముద్ర దీనిమీద పడింది. ముసలాయన చెప్పింది నిజమే.

"ఎవలో మిషిన్ల పెట్టి నొక్కిన్రు. ఖరాబైన పైస" అన్నాను.

ఎందుకన్నాను? అమ్ముకుందామని కాదు. నాకు దొరకనిది అతని జేబులో ఊరికే పడి ఉంటే ఓర్వలేకపోయాను. అంతేనా? అంతకంటే మంచి కారణం కోసం ఎన్నోసార్లు నాలో నేను వెతుక్కున్నాను, కనబడలేదు.

అతను నా ముందే తండ్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నాయినా, గా పైస ఖరాబైందట. హీరాల పని చేసే అన్న చెప్పిండు. ఇగ ఎవలకు చెప్పకు."

అవతల దగ్గు వినిపించింది. "అట్లనా బిడ్డా. నాకేమెరుక" అన్నాడు ముసలాయన.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. "గిది నువ్వే ఉంచుకోన్నా" అని మల్లేశం నాణెం నా ముందు పెట్టి వెళ్లాడు.

రెండో వేవ్‌లో ముసలాయన పోయాడు. ఆ ఫోన్ తరువాత నాణెం ఊసే ఎత్తలేదని, నలుగురిలో కూర్చోవడం కూడా తగ్గించాడని, తిరిగొచ్చాక మల్లేశం మాటల మధ్యలో అన్నాడు. అప్పుడూ నేను తల ఊపి ఊరుకున్నాను.

పోయిన ఆదివారం నాణెం అతని చేతిలో పెట్టి అంతా చెప్పాను. తిట్టలేదు. "ఆయన బతికున్నప్పుడు ఒక్క ఫోన్ జేస్తే ఏం పోయేదే అన్నా" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు నేను ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు.

కానీ ఆ రోజు, చాలా కాలానికి, నాకు కంటినిండా నిద్ర పట్టింది. అందుకు కూడా సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.