మూడు టిక్కులు

యుద్ధం బర్మాలో. నాకు పడిన డ్యూటీ మడికొండలో. పగలు పదకొండున్నరకు లారీ మమ్మల్ని గుట్టల కింద తుపాకులు కాల్చే మైదానంలో దింపింది. వేసవి. రాయి ముట్టుకుంటే బొబ్బ లేచేది. ఒక కంబళి, రెండు జతల ఖాకీలు, మగ్గు, దుర్బీను బిగించిన రైఫిలు ఇచ్చారు. అరుగు మీద చెప్పేటప్పుడు ఆ మైదానం ఐదు వందల గజాలుంటుంది. కాగితం మీద కాబట్టి నిజం రాస్తున్నాను: రెండు వందలు.

ఆ దూరంలో దుర్బీనులోంచి చూసినా తూటా చేసిన బెజ్జం కనపడదు. బోర్డు కింది గుంతలో ఒకడు కూచుని, తూటా తగిలిన చోటును పొడుగు కర్రతో చూపిస్తాడు. తగలకపోతే ఎర్ర జెండా ఊపుతాడు. తర్వాతివాడు కాల్చేముందు పాత బెజ్జాల మీద గంజితో కాగితం అతికిస్తాడు. వాడు చూపిందే నిజం.

మూడో వారం నర్సంపేటలోని మా ఇంటి నుంచి ఉత్తరం. కొడుకు పుట్టాడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల. అదే వారం సుబేదారు పోటీ పెట్టాడు. గెలిచినవాడికి పది రోజుల ఛుట్టీ. నేను ఐదు కాల్చాను. గుంతలో మా హవల్దారు. జెండా మూడుసార్లు ఊగింది. తర్వాత ఆయన కాల్చాడు. ఛుట్టీ ఆయనకే వచ్చింది.

బోర్డు దగ్గరికి పోయి చూశాను. ఆయన తూటాల బెజ్జాలు తెరిచే ఉన్నాయి. అవి కాక, నల్ల చుక్క నడుమ బెజ్జాల మీద అతికించిన ఐదు కాగితం ముక్కలు. గంజి ఇంకా తడిగానే ఉంది. హవల్దారును అడిగాను.

"అవి నిన్నటియి తమ్మీ. ఇంకా ఆరలే."

వరంగల్ ఎండలో ఒక రోజంతా ఆరని గంజి! తొట్టెల నేను లేకుండానే అయిపోయింది. బావమరిది నా కొడుక్కి వాళ్ల నాయన పేరు పెట్టించాడు. ఆ మామకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు.

హవల్దారు తిరిగొచ్చేసరికి ఆయనకు కొత్త దుర్బీను వచ్చింది. దాన్ని రైఫిలుతో సరిచూసుకోవాలి. పొద్దున ఆరుకు, ఎండమావులు లేవకముందే. గుంతలోకి నన్నే పొమ్మన్నాడు.

మూడు తూటాలూ చుక్క నడుమే తగిలాయి. నేను కర్రను అడుగు కుడికి పెట్టాను. ఆయన దుర్బీను పక్కనున్న మరను మూడు టిక్కులు ఎడమకు తిప్పాడు. ఆ దూరంలో ఒక్కో టిక్కుకు తూటా నాలుగు అంగుళాలు జరుగుతుంది. తర్వాతి తూటా అడుగు ఎడమకు పోయింది. కర్రను చుక్క నడుమ పెట్టాను. ఆయన మర బిగించి, కదలకుండా లక్క పోసి, ఈల వేసుకుంటూ పోయాడు.

శనివారం పెద్ద సాహెబు ముందు పరీక్ష. గెలిస్తే హవల్దారుకు జమాదారు పదవి. గుంతలో వేరే మనిషి, ఉన్నది ఉన్నట్టే చూపాడు. ఐదు తూటాలూ ఒక్క అరచేయంత చోట, చుక్కకు అడుగు ఎడమన. సాహెబు చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

కర్ర మీద ఆయనకు అనుమానమే రాలేదు. ఆ తెలివి తనొక్కడికే ఉందనుకున్నాడు.

సాయంత్రం నా మంచం దగ్గరికి వచ్చాడు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, గురి చూసే కుడి కన్నును నా ముఖం దగ్గరికి తెచ్చాడు.

"జర సూడు తమ్మీ. ఏమన్న అయినట్టున్నదా?"

చాలాసేపు చూశాను. తెల్లగా, మంచినీళ్లలా ఉంది.

"కొంచెం ఎర్రగున్నదన్నా. దవాఖానకు పోరాదు?"

మరుసటి రోజు పోయాడు. కన్ను మీద నమ్మకం పోయి, మళ్లీ రైఫిలు పట్టలేదు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. అదీ నిజమే.

రెండేళ్లకు నన్ను ఇంటికి పంపారు. గడపలో నా కొడుకు నిలబడి ఉన్నాడు. కొత్త మనిషిని చూసి ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో కంటితో నన్ను చూశాడు. లోపలినుంచి మామ పేరుతో వాడిని పిలిచారు. వాడు చెయ్యి తియ్యలేదు.