తువ్వాలకు అంటిన సెంటు

రిటైర్మెంటుకు పదకొండేళ్ల ముందు, ఒక నవంబరు నెలలో, నేను ఆదిలాబాద్ వైపు డాగ్ స్క్వాడ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నాను. హోదా అది, పని మాత్రం హ్యాండ్లర్. ఒక కుక్క తిండి, స్నానం, శిక్షణ, డ్యూటీ అన్నీ ఒక్క మనిషే చూసుకోవడాన్ని హ్యాండ్లర్ పని అంటారు. నా కుక్క పేరు జూలీ. డాబర్‌మన్. నేరం జరిగిన చోట దొరికిన వస్తువు వాసన పట్టి మనిషిని వెతికే ట్రాకర్.

అలా దొరికిన వస్తువును మా భాషలో ఆర్టికల్ అంటారు. దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. ఇనుప చిమటాతో, అంటే పటకారుతో, పట్టుకుని శుభ్రమైన గుడ్డ మీద పెట్టి కుక్కకు చూపించాలి. హ్యాండ్లర్ వాసన సబ్బు, వాసన నూనె వాడకూడదు. శిక్షణలో మొదటి రోజు చెప్పే పాఠం ఇది. నేను కొత్తవాళ్లకు చాలాసార్లు చెప్పాను కూడా.

అయినా నాకొక బలహీనత ఉండేది. మా బావమరిది మస్కట్ నుంచి తెచ్చిన మగవాళ్ల సెంటు. ముదురు గోధుమ రంగు సీసా, భుజాలు జారిన పాతకాలపు మందుసీసాలా ఉండేది. పూసుకోగానే నారింజ తొక్క గిల్లినట్టు ఘాటుగా తగిలేది. పావుగంటకు లవంగం, దాల్చిన చెక్క బయటికి వచ్చేవి. మధ్యాహ్నానికి అవీ తగ్గి, సాంబ్రాణీ గంధమూ కలిసినట్టు వెచ్చని వాసన చొక్కా మెడ దగ్గర నిలిచేది. ఉతికినా పూర్తిగా పోయేది కాదు.

కుక్కలతో బతికేవాడికి ఒంటికి కుక్కవాసన పడుతుంది. అది మనకు తెలియదు, ఎదుటివాడికి తెలుస్తుంది. హుజూరాబాద్‌లో ఒక పెళ్లి విందులో మా తోడల్లుడు అందరి ముందూ, “జర అవతల కూసో అన్నా, మటన్ వాసన తెలుస్తలేదు” అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత సెంటు లేకుండా ఏ శుభకార్యానికీ వెళ్లలేదు. అది పూసుకున్న రోజు జనం నా పక్కకు జరిగేవాళ్లు, ఏం సెంటని అడిగేవాళ్లు. ఖాకీ, కుక్క, దాని మెడపట్టీ ఇవేవీ లేని మనిషిగా నన్ను నేను చూసుకునేవాణ్ణి.

తర్వాత ఆ కంపెనీ దాన్ని చేయడం మానేసింది. అదే పేరుతో వచ్చిన కొత్త సీసాను బావమరిది తెచ్చిపెట్టాడు. అందులో నారింజ ఉంది, లవంగం లేదు. గంట తిరిగేసరికి ఏమీ లేదు. పాత సీసా అడుగున రెండు వేళ్ల మందం మిగిలి ఉంది. దాన్ని బీరువాలో బట్టల వెనక దాచుకుని సెలవు రోజుల్లోనే వాడేవాణ్ణి.

ఆ రోజు మధ్యాహ్నం మా మేనకోడలి నిశ్చితార్థం. ఒక పూట పర్మిషన్ తీసుకున్నాను. పొద్దున స్నానం చేసి, సెంటును మెడకు రాసుకుని దస్తీ మీద, అంటే జేబురుమాలు మీద, కూడా రెండు చుక్కలు వేసుకున్నాను. అప్పుడే ఫోను వచ్చింది. ఖానాపూర్ దగ్గర ఒక ఊళ్లో పోశెట్టి అనే రైతు పత్తి కుప్ప ముందురోజు సాయంత్రం కాలిపోయింది, కంచె దగ్గర ఎవరిదో తువ్వాల దొరికింది, కుక్కను తీసుకురమ్మన్నారు. మెడ కడుక్కున్నాను, చొక్కా మార్చి యూనిఫాం వేసుకున్నాను. అలవాటు కొద్దీ దస్తీని మాత్రం పాంటు జేబులో పెట్టుకున్నాను.

ఊరు చేరేసరికి జనం గుమిగూడి ఉన్నారు. తువ్వాల ముళ్లకంచెకు వేలాడుతోంది. చిమటా జీపు వెనక సీటు కింది పెట్టెలో ఉంది. పెట్టె తీయాలంటే జూలీని దింపి, దాని పరుపు తీసి, తాళం తెరవాలి. నాకు మధ్యాహ్నానికల్లా నిశ్చితార్థానికి చేరాలన్న తొందర. జేబులోంచి దస్తీ తీసి, దానితోనే తువ్వాల పట్టుకుని కిందికి దించాను. చేత్తో ముట్టుకోలేదు కదా అనుకున్నాను. దస్తీని జీపు ముందు సీటు మీద పడేసి జూలీని దింపాను.

జూలీ తువ్వాలను వాసన చూసింది. తిన్నగా జీపు దగ్గరికి వెళ్లి ముందు తలుపు గోకింది. కానిస్టేబుళ్లు నవ్వారు. “ఎండకు ఓర్వలేక ఇంటికి పోదామంటున్నది సారూ” అన్నాడొకడు. దాన్ని కసిరి వెనక్కి లాగాను. మళ్లీ చూపించాను, మళ్లీ జీపు వైపే వెళ్లింది. మూడోసారి పట్టీ గట్టిగా లాగి జనం వైపు తిప్పి వదిలాను. అది మనుషుల మధ్యగా నడిచి ఒకతని ముందు ఆగి కూర్చుంది. కూర్చోవడం మా దగ్గర గుర్తు. ఇతడే అని అర్థం.

అతని పేరు గంగారాం. దుబాయిలో డ్రైవరు, సెలవు మీద వచ్చాడు. పోశెట్టితో పొలం గెట్టు పంచాయితీ ఉంది. జనంలో గుసగుస మొదలైంది. పట్టీ అందుకోవడానికి నేను అతని దగ్గరికి వంగాను. లవంగం, దాల్చిన చెక్క, వాటి వెనక సాంబ్రాణి. నా బీరువాలోని సీసా వాసన.

ఆ క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది. నా దస్తీ సెంటు తువ్వాలకు అంటింది, జూలీ వెతికింది ఆ సెంటునే. ఎస్సై నా భుజం తట్టాడు. నేను నోరు విప్పలేదు.

స్టేషన్‌లో గంగారాం ఒక మాటన్నాడు. “నేను సెంటు పూసుకుంటి సారూ. కుక్క దానికే కూసున్నదేమో.” ఎస్సై నవ్వి, “తువ్వాలకు సెంటు యాడికెళ్లి వస్తదిరా?” అంటూ దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నవ్వు ఆగింది. తువ్వాలను గంగారాం ముఖం ముందుకు చాపాడు. “చూడు, నీదే.”

గంగారాం వాసన చూశాడు. “వాసన నాదే సారూ. తువ్వాల నాది కాదు” అన్నాడు.

ఆ సెంటు ఎక్కడిదని అడిగితే, దుబాయిలో ఒక పాత దుకాణం వెనక అరలో ఆఖరి సీసా దొరికిందని చెప్పాడు. ఇప్పుడు ఎక్కడా దొరకదని కూడా తనే చెప్పాడు. “దాన్ల మా అవ్వ లవంగం, దాల్చిన చెక్క ఏసి జేసే బగారన్నం వాసనుంటది సారూ, అందుకే కొన్న” అన్నాడు. ఎస్సై నిర్మల్‌లోని దుకాణాల్లో వాకబు చేయించాడు. ఆ సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయిందని అందరూ చెప్పారు. మండలంలో ఇంకెవరి దగ్గరా లేని వాసన నిందితుడి ఒంటి మీదా ఉంది, ఆర్టికల్ మీదా ఉంది. ఇంతకన్నా బలమైన కేసు ఉండదన్నాడు ఎస్సై. ఇక నా ట్రాకింగ్ రిపోర్టు మీద సంతకం ఒక్కటే మిగిలింది. దానితో అరెస్టు చూపి కోర్టుకు పంపుతారు. అందాకా అతణ్ణి స్టేషన్‌లోనే ఉంచారు.

నేను సంతకం చేయలేదు, నిజం చెప్పలేదు. జూలీకి ఒంట్లో బాగాలేదని ఒకసారి, ఫారాలు అయిపోయాయని ఒకసారి చెప్పి వాయిదా వేశాను. ఆ ఏడాది ఏఎస్సై ప్రమోషన్ జాబితాలో నా పేరుంది. మొదటి రోజు నిశ్చితార్థానికి ఆలస్యంగా వెళ్లి, తినకుండానే ఇంటికి వచ్చేశాను. దస్తీని ఇంట్లో మూడుసార్లు ఉతికాను. ఆరేసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఉంది.

రెండో రోజు గంగారాం తల్లి కుక్కల షెడ్డుకే వచ్చింది. కొడుకు విమానం మరునాడు మధ్యాహ్నమనీ, ఆ మరునాటికి అతడు దుబాయి విడిచి ఆరు నెలలు నిండుతాయనీ, తర్వాత వీసా పనికిరాదనీ చెప్పింది. జూలీని చాలాసేపు చూసింది.

“గీ కుక్కేనా సారూ?”

అవునన్నాను.

“ఇది అబద్ధమాడదంటరు గదా.”

“ఆడదవ్వా.”

“నా కొడుకు సుత ఆడడు. ఇద్దరు ఆడకపోయిరి, మరి నడుమ ఆడినోడెవడు?”

ఆమె నన్ను అనుమానించి అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఎస్సైని కలవమని చెప్పి పంపించాను. అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే గంగారాం విమానం అందుకునేవాడు. ఆ సాయంత్రమంతా షెడ్డులోనే కూర్చుని, చెప్పకుండా బయటపడే దారి ఏదైనా ఉందా అని వెతికాను. లేదు.

మూడో రోజు పొద్దున మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డాను. డాగ్ స్క్వాడ్ ఆయన కింద పనిచేసేది. సీసా బల్ల మీద పెట్టి జరిగినదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

“ఎన్నొద్దులాయె?”

“మూడో రోజు సార్.”

“కుక్క ఎంతసేపట్ల చెప్పింది?”

“పది నిమిషాలు కూడా పట్టలేదు సార్. ముందు జీపు దగ్గరికే పోయింది.”

ఆయన నాలుగు గుడ్డలు తెప్పించి, ఒకదానికి మాత్రం సీసాలోని చుక్క పెట్టి వరసగా పెట్టించారు. స్టేషన్ నుంచి తెప్పించిన తువ్వాలను జూలీకి చూపించారు. అది నేరుగా వెళ్లి సెంటు గుడ్డ ముందు కూర్చుంది. ఆయన ఫోను అందుకున్నారు. కాగితాలు కదిలి గంగారాం బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి విమానం వెళ్లిపోయింది. గడువులోపల ఇంకో టికెట్ దొరకలేదు. అతని కంపెనీ వేరే డ్రైవరును పెట్టుకుంది. తువ్వాల పత్తి ఏరడానికి వచ్చిన ఒక కూలీదని తర్వాత తేలింది. నిప్పు ఎలా అంటుకుందో తేలలేదు.

వారానికి నేను గంగారాం ఇంటికి వెళ్లాను. అతడు లోపలికి రమ్మనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒక్కటే అడిగాడు.

“కుక్క నా ముందు కూసున్న దినమే మీకు ఎరుకేనా సారూ?”

“ఎరుకే.”

“గంతే. ఇగ పొండ్రి.”

నాకు ఇంక్రిమెంటు ఆపారు. జాబితాలోంచి పేరు తీసేశారు. జూలీని వేరే హ్యాండ్లర్‌కు అప్పగించి నన్ను గార్డు డ్యూటీకి పంపారు. ఆ శిక్ష సరైనదే. అయితే శిక్ష పడింది దస్తీతో తువ్వాల పట్టుకున్నందుకు. మూడు రోజులు నోరు మూసుకున్నందుకు ఏ శిక్షా పడలేదు. దానికి మా రూల్సులో సెక్షన్ లేదు.

నా సర్వీసు మొత్తంలో నేర్చుకున్నది ఇంతే. కుక్క వాసన దాకే తీసుకుపోతుంది. ఆ వాసన అక్కడికి ఎలా వచ్చిందో చెప్పవలసినవాడు పట్టీ పట్టుకున్న మనిషి. అతడు నోరు విప్పేదాకా కుక్క ఎవరి ముందు కూర్చుంటే వాడే దోషిగా ఉండిపోతాడు.