మైదానం మధ్యలో కూర్చున్న ఆటగాడు

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నాన్న రిమోట్ తీసి టీవీ సౌండ్ పెంచేవారు. ఆ పెంపకమే నాది. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో అకౌంటెంట్‌ని. కారణం దొరకనిదేదీ నమ్మను. అందుకే ఇది చెప్పాలా వద్దా అని చాలాకాలం ఆగాను.

నాకూ మా తమ్ముడు కిరణ్‌కీ ఫుట్‌బాల్ వీడియో గేముల పిచ్చి. మా వీధిలో నిజం ఫుట్‌బాల్ ఎవరూ ఆడేవాళ్లు కాదు, అందరిదీ క్రికెట్టే. మాకు ఆ ఆట టీవీలోంచే వచ్చింది. మొదట క్యాసెట్ పెట్టి ఆడే గేము. అందులో ఆటగాళ్లు అగ్గిపెట్టెల్లా ఉండేవారు, చొక్కా రంగే తప్ప మొహాలు లేవు. కాలేజీ రోజుల్లో కంప్యూటర్ గేములు. వాటిలో ఒకటి కిరణ్‌కి ప్రాణం. బంతి తన్నే పనే ఉండదు. కోచ్‌లా జట్టును ఎంచి, ఎవర్ని దించాలో చెప్పి, చూస్తూ కూర్చోవడమే. నాకైతే నిద్రొచ్చేది.

ఇప్పటి గేముల్లో చెమట కూడా కనిపిస్తుంది. మనకు కావలసిన పేరుతో, పోలికలతో ఆటగాణ్ని తయారు చేసుకోవచ్చు. అలా నేను కిరణ్‌ని తయారుచేసి మిడ్‌ఫీల్డ్‌లో పెట్టుకున్నాను.

కిరణ్‌కి చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. అక్కడే గది తీసుకుని ఒక్కడే ఉంటాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఆటకి కూర్చున్నాను. ఆటగాడి పేరు కింద వాడి ఓపికను చూపించే చిన్న గీత ఉంటుంది. పరిగెత్తే కొద్దీ తగ్గుతుంది. మ్యాచ్ మొదలైన కాసేపటికే కిరణ్ గీత ఖాళీ అయిపోయింది. వాడు పరుగు ఆపాడు. మైదానం మధ్యలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. బంతి పక్కనుంచే పోతోంది, కదలడు.

వాణ్ని బయటికి పిలిచి వేరేవాణ్ని దించాలని చూశాను. కొత్తవాడు మైదానం అంచుకొచ్చి నిలబడ్డాడు. కిరణ్ మాత్రం లేవలేదు. మ్యాచ్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. మళ్లీ అంతే. బయటికి రమ్మనే బటన్ నొక్కుతూనే ఉన్నాను.

మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. చూసి, "ఏదో బగ్ అయ్యుంటుందిలే. అప్‌డేట్ పెట్టు" అన్నారు.

నాకు కాలు నిలవలేదు. కిరణ్‌కి ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడు. మళ్లీ చేశాను.

"నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునుంటాడు, ఎందుకు లేపుతావ్?" అన్నారు ఆయన.

అదీ నిజమే. కానీ వంటింట్లోకి వెళ్లాను, బాల్కనీలోకి వచ్చాను, చివరికి స్కూటీ తాళాలు తీసుకున్నాను. గొల్లపూడి దాటేవరకూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఆటబొమ్మ కూర్చుంటే మనిషి ఇంటికి పరిగెత్తడమేమిటి?

గది తలుపు లోపల గడియ వేసి ఉంది. "కిరణ్, తలుపు తియ్‌రా" అని కొట్టాను. ఇంటావిడ వచ్చింది. "పొద్దున లోపలికెళ్లాడమ్మా, మళ్లీ బయటికి రాలేదు" అంది. ఆవిడ కొడుకు గడియ విరగ్గొట్టాడు.

కిరణ్ మంచం పక్కన నేల మీద ఉన్నాడు. బట్టలు చెమటకి తడిసిపోయాయి. పిలిస్తే పలకలేదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాం. ఇన్సులిన్ వేసుకుని, తినకుండానే నిద్రపోయాడట. షుగరు బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరు గారు.

తెలివొచ్చాక నావైపు తిరిగాడు.

"అక్కా, వినబడుతూనే ఉంది" అన్నాడు.

"ఏంటి, ఫోనా?"

"కాదు. బయటికి రా, బయటికి రా అంటున్నావుగా. కాళ్లు రాలేదే."

అప్పటికి గేము సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. తలుపు దగ్గర నేను బయటికి రమ్మనలేదు, తలుపు తియ్యమన్నాను.

స్పృహ లేనప్పుడు మాటలు అలా కలగలుస్తాయన్నారు డాక్టరు గారు. మర్నాడు మా ఆయన అదే మ్యాచ్ పెట్టి చివరిదాకా ఆడారు. ఆ ఆటగాడు చక్కగా పరిగెత్తాడు. అలాంటి లోపం ఇంకెవరికైనా వచ్చిందా అని ఇంటర్నెట్‌లో అడిగి చూశారు. ఎవరూ చూడలేదన్నారు.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ మధ్యాహ్నం నేను బయటికి పిలిచింది ఎవర్నో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.