మూతపడిన బ్యాంకుల నోట్లు దాచిన మా మురళి

నిన్న పొద్దున దీపం పెట్టి, పెసరట్లు పోస్తున్నాను. వుడ్‌ల్యాండ్స్‌లో మా కిటికీ కింద బస్సుల చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

ఫోన్ మోగింది. ఇదే ఊళ్ళో టోవా పాయో నుంచి మరదలు సుధ.

"వదినా, ఆయన లేవడం లేదు."

మా చిన్న తమ్ముడు మురళి. నలభై తొమ్మిదేళ్ళు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

పెనం మీద అట్టు మాడేదాకా అక్కడే నిలబడ్డాను.

వై టు కె రోజుల్లో ఇక్కడి సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగానికి ఈ దేశం వచ్చాడు. ఫ్రెండ్సంతా కాండో ఫ్లాట్లు, షేర్లు అంటుంటే, వీడు మూతపడిన బ్యాంకుల నోట్లు కొనేవాడు.

ఒకప్పుడు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళ బ్యాంకులు కూడా తమ పేరు మీద నోట్లు వేసేవట. క్యాషియర్ చేత్తో సంతకం చేసేవాడట.

మొన్న ఆదివారం ఆల్బమ్ పట్టుకుని వచ్చాడు.

"పెద్దక్కా, ఒక నోటు అడుగుతున్నారు. ఇవ్వనా, వద్దా?"

ఆ నోటు మీద సంతకం చేసిన క్యాషియర్ మనవరాలు, నెట్‌లో దాని ఫోటో చూసి ఈమెయిల్ రాసిందట. ఎనభై దాటిన మనిషి. తాత చేతిరాత ఆవిడ దగ్గర ఒక్కటీ లేదు.

వీడు ఎనిమిదేళ్ళు వెతికి పట్టుకున్న నోటు అది.

"ఆలోచించుకో నాన్నా" అన్నాను. ఏమీ తేల్చకుండానే వెళ్ళాడు.

ఆ నోట్లంటే వాడికి ప్రాణం. ఒక దీపావళికి వేరే నోటు మా ఇంట్లో మర్చిపోతే, లక్ష్మీపూజలో పెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేశాను.

"అయ్యో వదినా, మచ్చ పడితే ఇంక విలువుండదు!" అంది సుధ.

వాడు చూశాడు.

"పోనీలే పెద్దక్కా. వాళ్ళ బ్యాంకు ఎత్తేశాక దీనికి ఇంత మర్యాద ఎవరు చేశారు?"

పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

నిన్న సాయంత్రం వచ్చినవాళ్ళు పలచబడ్డాక సుధ, వాళ్ళ అమ్మాయి కావ్య, నేను కూర్చున్నాం. ఆ నోటు మాట వచ్చింది.

"నాన్నది కదా అత్తా. వై మస్ట్ గివ్?" అంది కావ్య, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

వాడైతే ఏం చేసేవాడో మాకు తెలీదు. వాడి ఫోన్‌లో ఆవిడ మెయిల్ చదివి వినిపించాను. పిల్ల ఆల్బమ్ తెరిచి ఆ నోటు మీది సంతకం చూసింది.

"ఓకే లా. బట్ లెటర్ నేనే రాస్తా. నాన్న గురించి కూడా రాస్తా."

నోటు పంపుతున్నాం. ఊరికే.

వెళ్ళిరా మురళీ. స్వామి పాదాల దగ్గర హాయిగా ఉండు.